గడ్డకట్టిన మూడు ప్యాలెట్లు: ఒక టీకా సరఫరా వివాదం

కంపెనీ తరఫు సలహాదారుగా ఫైలు నా చేతికి వచ్చేసరికి సరుకు చేరి ఎనిమిది రోజులైంది. అప్పటికే టీకాలు అమ్మిన కంపెనీ, కొన్న దేశపు ఆరోగ్య మంత్రిత్వ శాఖకు ఘాటైన ఉత్తరం రాసేసింది, హైదరాబాద్‌లో కోర్టుకెళ్లి స్టే అడిగింది. విమానయాన సంస్థకు 14 రోజుల్లోపు వెళ్లాల్సిన నోటీసు మాత్రం ఎవరూ పంపలేదు. ఆ రోజు మీటింగ్‌లో కూర్చున్న ఏడుగురిలో ఒక్కరికీ దాని సంగతి గుర్తు లేదు. ఈ కేసు రాసిపెట్టాలని నాకు అనిపించింది ముఖ్యంగా అందుకే.

కంపెనీ పేరు, దేశం పేరు రాయడం లేదు. పెట్టెల సంఖ్యలు, రోజుల లెక్క, విమాన మార్గం ఆనవాలు పట్టకుండా మార్చాను. ఒక్కో నిర్ణయం దగ్గర మేం ఏం ఆలోచించామో అది మాత్రం జరిగింది జరిగినట్టే రాశాను. ఇరుపక్షాలూ సరేనన్నాకే బయట పెడుతున్నాను.

నేపథ్యం

కంపెనీ హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న టీకా తయారీ సంస్థల్లో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్, అంటే నాణ్యత పరిశీలించి ఇచ్చే ఆమోదం, ఉంది. కొన్నది ఆఫ్రికాలోని ఒక దేశపు ఆరోగ్య మంత్రిత్వ శాఖ. ఆ ప్రాంతంలో చాలా దేశాలు యూనిసెఫ్ ద్వారా కొంటాయి. ఈ దేశం సొంత బడ్జెట్‌తో, సొంత టెండర్‌తో కొనడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. ఒప్పందం రాసుకోవడంలో ఇరుపక్షాలకూ అనుభవం తక్కువని మొదటి పేజీ చదివితేనే తెలిసిపోతుంది.

సరుకు పెంటావాలెంట్ టీకా. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ బ్యాక్టీరియా జబ్బు, ఈ ఐదింటికీ ఒకే సూది. బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో వేస్తారు. దీన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. పోలియో చుక్కలను మైనస్ 20లో పెట్టి నెలల తరబడి దాచుకోవచ్చు. పెంటావాలెంట్‌ను ఒక్క రాత్రి గడ్డకట్టనిచ్చినా పనికిరాదు. అందులో ఉండే అల్యూమినియం లవణపు కణాలు గడ్డకడితే ముద్దలు కట్టేస్తాయి. కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది, బలం మాత్రం తిరిగి రాదు. ఎండాకాలం చూసి పెరిగిన మనకు టీకా అంటే వేడి నుంచి కాపాడాలన్న భయమే ఎక్కువ. ఈ కేసులో కొంప ముంచింది చలి.

ఒప్పందంలో రెండు క్లాజులు ఒకదానికొకటి పొసగవు. మొదటిది రవాణా షరతు. సీఐపీ, ఇన్‌కోటర్మ్స్ 2020 (అంతర్జాతీయ అమ్మకాల్లో వాడే ప్రామాణిక షరతులు) ప్రకారం. సీఐపీ అంటే గమ్యం దాకా విమాన ఖర్చు, బీమా రెండూ అమ్మేవాడే కడతాడు, కానీ సరుకుకు నష్టం వస్తే ఆ భారం మొదటి రవాణాదారుకు అప్పగించిన క్షణం నుంచే కొన్నవాడి మీదికి పోతుంది. అంటే శంషాబాద్ కార్గోలో పెట్టెలు దిగబెట్టగానే ఆ బాధ్యత మంత్రిత్వ శాఖది. రెండో క్లాజు దానికి అడ్డం తిరుగుతుంది: గమ్యం చేరాక రాసే రాక నివేదికలో సరుకు సరైన స్థితిలో ఉందని తేలితేనే అంగీకరించినట్టు, లేకపోతే తిరస్కరించవచ్చు. రెండింటిలో ఏది చెల్లుతుందో ఒప్పందంలో ఎక్కడా లేదు. ఎవరో పాత ఒప్పందం నుంచి ఒక క్లాజు, టెండర్ ఫారం నుంచి ఇంకో క్లాజు తెచ్చి అతికించారు.

సమస్య

మొత్తం 216 పెట్టెలు, 9 ప్యాలెట్లు (పెట్టెలు పేర్చి ఎత్తే బల్లలు), ఒక్కో ప్యాలెట్ మీద 24. మధ్యలో విమానం మారాల్సిన చోట కనెక్షన్ తప్పిపోయింది. సరుకు ఆ విమానాశ్రయంలో 33 గంటలు ఉండిపోయింది. గమ్యం చేరాక జాతీయ శీతల గిడ్డంగి సిబ్బంది ప్రతి పెట్టె తెరిచి లోపలి ఎలక్ట్రానిక్ పరికరం చూశారు. మైనస్ 0.5 డిగ్రీలు, అంతకంటే కిందికి గంటసేపు పోతే ఆ పరికరం అలారం చూపిస్తుంది. 37 పెట్టెల్లో అలారం. వాళ్లు 24 గంటల్లో రాక నివేదిక నింపారు, ఏ పెట్టె నంబరులో అలారం ఉందో వరసగా రాశారు. ఆ ఫార్మసిస్ట్ చేతిరాతలో ఉన్న ఆ రెండు పేజీలే చివరికి అందరినీ గట్టెక్కించాయి.

రెండో రోజు మంత్రిత్వ శాఖ మొత్తం 216 పెట్టెలూ తిరస్కరిస్తున్నామని, 30 రోజుల్లో కొత్త సరుకు పంపాలని రాసింది. నాలుగో రోజు కంపెనీ జవాబిచ్చింది. ఆరో రోజు మంత్రిత్వ శాఖ పది శాతం పర్ఫార్మెన్స్ బ్యాంక్ గ్యారంటీ (ఒప్పందం సరిగా నెరవేరకపోతే కంపెనీ తరఫున బ్యాంకు కడతానన్న హామీ) సొమ్ము తమకు చెల్లించమని బ్యాంకును అడిగింది. ఏడో రోజు కంపెనీ కోర్టుకెళ్లింది.

ఈలోగా ఆ దేశం జాతీయ గిడ్డంగిలో మిగిలిన పెంటావాలెంట్ నిల్వ ఏడు వారాలకు మాత్రమే సరిపోతుంది. ఈ సంగతి రెండో రోజు ఉత్తరం చివరి పేరాలో ఒకే ఒక్క వాక్యంగా ఉంది. కంపెనీలో ఎవరూ ఆ వాక్యం దాకా చదివినట్టు లేదు.

మొదట చేసినవి, ఎందుకు బెడిసికొట్టాయి

కంపెనీ నాలుగో రోజు రాసిన జవాబుకు వీవీఎం ఫొటోలు జతచేసింది. వీవీఎం అంటే సీసా మీద ఉండే చిన్న గుర్తు, వృత్తం మధ్యలో చదరం. వేడి తగిలేకొద్దీ చదరం రంగు ముదురుతుంది. వృత్తం రంగుతో సమానమైతే ఆ సీసా పారేయాలి. మన ఊళ్లలో ఏఎన్ఎం అక్కలు చూడగానే చెప్పేస్తారు. ఫొటోల్లో చదరాలన్నీ తెల్లగా ఉన్నాయి కాబట్టి టీకా భేషుగ్గా ఉందని కంపెనీ వాదన.

వీవీఎం వేడిని మాత్రమే లెక్కగడుతుంది. గడ్డకట్టినా దానిలో మార్పు రాదు. టీకాలు తయారుచేసే కంపెనీ నుంచి ఈ మాట రావడంతో మంత్రిత్వ శాఖ సాంకేతిక అధికారులకు, వీళ్లకు విషయం తెలియదా, తెలిసే మభ్యపెడుతున్నారా అన్న అనుమానం వచ్చింది. ఆ తర్వాత కంపెనీ చెప్పిన నిజాలను కూడా వాళ్లు అదే అనుమానంతో చూశారు. మీటింగ్ అయ్యాక క్వాలిటీ హెడ్ గారు నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, వీవీఎం చలికి మారదని నాకు తెలియదా? ఆ ఉత్తరం నన్ను అడగకుండానే వెళ్లిపోయింది" అన్నారు. ఆయన గొంతులో బాధ నాకింకా గుర్తుంది. ఎగుమతి విభాగం, న్యాయ విభాగం కలిసి ఒక్క రాత్రిలో తయారుచేసిన ఉత్తరం అది.

తప్పు అటువైపూ ఉంది. మొత్తం సరుకు తిరస్కరించడానికి మంత్రిత్వ శాఖ చూపించిన ఆధారం షేక్ టెస్ట్, అంటే సీసాను ఊపి మడ్డి ఎంత త్వరగా దిగుతుందో చూసే పరీక్ష. కానీ అది, పోల్చుకోవడానికి కావాలని గడ్డకట్టించిన సీసా లేకుండా చేశారు. కదపకుండా ఉంచిన పెంటావాలెంట్ సీసాలో అడుగున కొంత మడ్డి పేరుకోవడం మామూలే. అది చూసి, అలారం లేని పెట్టెలు కూడా గడ్డకట్టాయని రాసేశారు.

ఇక కోర్టు. అడిగిన వెంటనే చెల్లించాల్సిన బ్యాంక్ గ్యారంటీ మీద మన కోర్టులు స్టే ఇచ్చేది రెండే సందర్భాల్లో: స్పష్టంగా కనిపించే మోసం జరిగినప్పుడు, లేదా తర్వాత ఏ విధంగానూ పూడ్చుకోలేని నష్టం ఉన్నప్పుడు. సుప్రీంకోర్టు ఈ మాట ఎన్నో తీర్పుల్లో చెప్పింది. ఇక్కడ మోసం లేదు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) ఉంది కాబట్టి గెలిస్తే డబ్బు వెనక్కి వస్తుంది. తొమ్మిదో రోజు కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. అలా జరుగుతుందని ఊహించడం కష్టం కాదు. కానీ పిటిషన్ కాపీ అక్కడికి చేరగానే మంత్రిత్వ శాఖ న్యాయ సలహాదారు, ఇకపై కంపెనీతో ఎవరూ ఫోన్‌లో మాట్లాడొద్దని సిబ్బందికి చెప్పారు. మాకు అత్యవసరంగా కావాల్సిన మనుషులు వాళ్లే.

మొదటి నిర్ణయం: నోటీసు

అంతర్జాతీయ విమాన రవాణాకు మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. సరుకు చెడిపోతే, చేతికందిన రోజు నుంచి 14 రోజుల్లోపు విమానయాన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. గడువు దాటితే, మోసం జరిగితే తప్ప, వాళ్ల మీద ఇక దావా ఉండదు. ఫిర్యాదు చేయాల్సింది సరుకు అందుకునే హక్కు ఉన్నవారు, అంటే మంత్రిత్వ శాఖ.

ఆ సంస్థ నుంచి వచ్చే డబ్బు ఎంత అని మేనేజింగ్ డైరెక్టర్ అడిగారు. తక్కువే. బాధ్యతకు కిలో లెక్కన పరిమితి ఉంటుంది: 2019 డిసెంబర్ 28 నుంచి కిలోకు 22 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క యూనిట్), 2024 డిసెంబర్ 28 నుంచి 26. టీకా బరువు తక్కువ, విలువ ఎక్కువ. వచ్చేది అసలు నష్టం పక్కన ఏ మూలకూ రాదు. "మరి దానికింత టెన్షన్ ఎందుకు మేడమ్?" అన్నారాయన.

నాకు కావాల్సింది బీమా. బీమా కంపెనీ మనకు చెల్లించాక మన స్థానంలో నిలబడి విమానయాన సంస్థను అడుగుతుంది. మనం నోటీసు గడువు పోగొడితే ఆ హక్కును మనమే చంపేసినట్టు. అప్పుడు క్లెయిమ్ కొట్టేయడానికో, తగ్గించడానికో బీమా కంపెనీకి మంచి కారణం దొరుకుతుంది. పైగా సీఐపీలో బీమా అమ్మేవాడు కట్టినా అది కొన్నవాడి లాభం కోసం. క్లెయిమ్ హక్కు కూడా మంత్రిత్వ శాఖదే.

తెల్లకాగితం మీద రెండు నిలువు వరసలు గీసి మేనేజింగ్ డైరెక్టర్ ముందు పెట్టాను. ఒకవైపు మన దగ్గర ఉన్నవి: కొత్త టీకా, అంతే. రెండోవైపు వాళ్ల దగ్గర ఉన్నవి: చెడిన పెట్టెలు, డేటా లాగర్లు (పెట్టెల్లో ఉష్ణోగ్రత నమోదు చేసే ఆ ఎలక్ట్రానిక్ పరికరాలు), రాక నివేదిక, నోటీసు ఇచ్చే హక్కు, బీమా హక్కు, బ్యాంక్ గ్యారంటీ. "సార్, మనం పోట్లాడుతున్నది మన తరఫున సాక్ష్యం చెప్పగల ఒకే ఒక్కరితో" అన్నాను. ఆయన ఆ కాగితం చాలాసేపు చూశారు. పదో రోజు ఉదయం పిటిషన్ వెనక్కి తీసుకున్నాం.

దీనికి ముందు బోర్డులో ఒక డైరెక్టర్ గట్టిగా అడ్డుపడ్డారు. పెద్ద కంపెనీలు ప్రభుత్వాలతో కోర్టుల్లో తలపడలేదా, మనమెందుకు తగ్గాలి అని. ఆయన ఉద్దేశం కోవిడ్ టీకా కంపెనీ ఆస్ట్రాజెనెకా కేసు. న్యాయమైన ప్రశ్నే కాబట్టి ఆ కేసు మొత్తం ఆయన ముందు పెట్టాను. 2020 ఆగస్టులో ఐరోపా కమిషన్ ఆ కంపెనీతో 30 కోట్ల డోసులకు ఒప్పందం చేసుకుంది. 2021 జనవరిలో కంపెనీ అనుకున్నంత ఇవ్వలేనని చెప్పింది. తాము కట్టుబడింది సమంజసమైన మేర శాయశక్తులా ప్రయత్నించడానికే తప్ప అంకెకు కాదని దాని వాదన. ఏప్రిల్‌లో కమిషన్ బ్రస్సెల్స్ కోర్టుకెళ్లి, జూన్ ఆఖరుకల్లా 12 కోట్ల డోసులు చేరాలని అడిగింది. జూన్ 18న కోర్టు, సెప్టెంబర్ 27లోపు మూడు విడతల్లో 5 కోట్ల డోసులు ఇవ్వాలని, తప్పితే డోసుకు 10 యూరోల చొప్పున కట్టాలని చెప్పింది. గెలుపు మాదంటే మాదని రెండు పక్షాలూ ప్రకటించుకున్నాయి. సెప్టెంబర్ 3న రాజీ కుదిరింది, కొత్త సరఫరా షెడ్యూల్‌తో. ఇంకోటి, దాదాపు 70 కోట్ల డాలర్ల అడ్వాన్స్ గురించి పేద దేశాలకు టీకాలు సమకూర్చే గావి సంస్థ 2023 జనవరిలో టీకా కంపెనీ నోవావాక్స్ మీద ఆర్బిట్రేషన్ మొదలుపెడితే, 2024 ఫిబ్రవరిలో అదీ రాజీతోనే ముగిసింది.

ఐరోపాకు ఆ నెలల్లో వేరే కంపెనీల టీకాలు అందుతున్నాయి. మన కొనుగోలుదారు దగ్గర ఉన్నది ఏడు వారాల నిల్వ. కొత్త టెండర్ పిలిచి సరుకు తెప్పించుకోవడానికి నాలుగు నెలలకు తక్కువ పట్టదు. మనం ఆర్బిట్రేషన్‌లో నెగ్గినా, ఆ తీర్పు వచ్చేసరికి ఆరు వారాల సూది తప్పిపోయిన బిడ్డలు నడిచే వయసుకు వస్తారు. ఆ మాటకు ఆ డైరెక్టర్ అడ్డు చెప్పలేదు.

గ్రాఫ్

లాగర్ల అసలు ఫైళ్లు కావాలని గిడ్డంగి ఫార్మసిస్ట్‌ను పిటిషన్ వెనక్కి తీసుకున్న రోజే అడిగాం. సాయంత్రానికి పంపారు. ఆ రాత్రి నేను, క్వాలిటీ హెడ్ గారు కూర్చుని 37 గీతలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాం.

మధ్య విమానాశ్రయంలో దిగిన మొదటి 19 గంటలు గీతలన్నీ 4 నుంచి 8 మధ్యే నడిచాయి. పెట్టెల ప్యాకింగ్ తన పని తాను చేసింది. 20వ గంట దగ్గర గీతలు కిందికి వంగడం మొదలైంది. ఐదారు గంటల్లో సున్నా దాటాయి. కొన్ని మైనస్ 6 దాకా పోయాయి. గమ్యం విమానంలోకి ఎక్కించాక మెల్లగా పైకి వచ్చాయి. క్వాలిటీ హెడ్ గారు కళ్లజోడు తీసి, "కూల్ రూమ్‌లో పెట్టినందుకు ఇలా పడదమ్మా. ఎవరో డ్రై ఐస్ వేశారు" అన్నారు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మామూలు మంచు కంటే చాలా చల్లన.

తర్వాత పెట్టె నంబర్లను ప్యాకింగ్ లిస్టుతో సరిపోల్చాం. అలారం వచ్చిన 37 పెట్టెలూ మూడే ప్యాలెట్ల మీద ఉన్నాయి. అందులోనూ దాదాపు అన్నీ పై వరసలో, బయటి అంచుల్లో ఉన్నవే. మిగతా ఆరు ప్యాలెట్ల మీది 144 పెట్టెల్లో ఒక్క అలారం లేదు. సరుకు ఆలస్యమైందని కంగారుపడి, టీకా వేడెక్కుతుందేమోనని ఎవరో మంచి మనసుతోనే మూడు ప్యాలెట్ల చుట్టూ డ్రై ఐస్ పేర్చి ఉంటారు.

ఈ గ్రాఫ్ మాకు రెండు పనులు చేసిపెట్టింది. మొదటిది బీమా. సీఐపీ 2020 కోరే 'ఎ' తరగతి పాలసీలో, ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం ఉండదు. కనెక్షన్ తప్పిపోవడమే కారణమని బీమా సర్వేయర్ రాస్తే మా పని అయిపోయేది. కానీ ఆలస్యం నడిచిన 19 గంటలూ టీకా బాగానే ఉందని గీత చూపిస్తోంది. చెడగొట్టింది తర్వాత మనిషి చేసిన పని. వాదన అంతా ఆ 19 గంటల సమతల గీత మీద కట్టాం. రెండోది, మొత్తం సరుకు తిరస్కరించాల్సిన పని లేదని మంత్రిత్వ శాఖకు చెప్పడానికి వాళ్లు రాసుకున్న నివేదికే మాకు ఆధారమైంది.

మా బలహీనత కూడా ఆ రాత్రే బయటపడింది. ఎయిర్‌వే బిల్లు (విమాన రవాణా పత్రం) మీద 'త్వరగా పాడయ్యే సరుకు, 2 నుంచి 8 డిగ్రీలు' అని ఉంది. 'గడ్డకట్టనివ్వొద్దు, డ్రై ఐస్ వాడొద్దు' అని లేదు. పెట్టెల మీద ఆ హెచ్చరిక అచ్చువేసి ఉంది గానీ ప్యాలెట్ మీద కప్పిన తెల్ల కవర్ కింద ఎవరికీ కనపడదు. బిల్లు రాయించింది కంపెనీ నియమించుకున్న ఫార్వర్డర్, అంటే రవాణా ఏర్పాట్లు చూసే ఏజెంటు. నష్టభారం శంషాబాద్‌లోనే మారిపోయిందని ఎంత వాదించినా, సరుకుకు తగిన రవాణా సూచనలు ఇవ్వలేదన్న నింద మాత్రం మనమీద ఉంటుంది. ఇది క్లయింటుకు వెంటనే చెప్పాలా, రాజీ చర్చ ఒక కొలిక్కి వచ్చాక చెప్పాలా అని ఒక రాత్రంతా ఆలోచించాను. పొద్దున్నే చెప్పేశాను. తర్వాత చెబితే అప్పటిదాకా తీసుకున్న నిర్ణయాలన్నీ తప్పుడు లెక్క మీద తీసుకున్నవి అవుతాయి.

పనిచేసిన దారి

పదకొండో రోజు ఫోన్. అటు మంత్రిత్వ శాఖ టీకాల విభాగాధిపతి, న్యాయ సలహాదారు, ఫార్మసిస్ట్. ముందు వీవీఎం ఉత్తరం తప్పని ఒప్పుకున్నాం. ఆ ఒక్క మాటతో అవతలి గొంతులు మారాయి. తర్వాత గ్రాఫ్, ప్యాలెట్ పటం చూపించాం. విమానయాన సంస్థకు వెళ్లాల్సిన నోటీసు ముసాయిదా మేమే రాసి పంపాం, వాళ్లు లెటర్‌హెడ్ మీద పెట్టి సంతకం చేస్తే చాలేలా. పదమూడో రోజు మధ్యాహ్నం అది వెళ్లింది. ఒక్క రోజు మిగిలింది.

బ్యాంక్ గ్యారంటీ మీద కూడా అప్పుడే ఒక దారి దొరికింది. ఆ గ్యారంటీ అంతర్జాతీయ వాణిజ్య మండలి వారి యూఆర్‌డీజీ 758 అనే, అడగ్గానే చెల్లించే గ్యారంటీల నిబంధనల కింద ఉంది. లబ్ధిదారు 'గడువు పొడిగించండి, లేదా చెల్లించండి' అని అడిగితే బ్యాంకు చెల్లింపును 30 రోజుల దాకా ఆపొచ్చు. మంత్రిత్వ శాఖ మొదటి డిమాండ్ వెనక్కి తీసుకుని ఈ రకంగా మళ్లీ అడిగింది, కంపెనీ పొడిగింపుకు ఒప్పుకుంది. వాళ్ల భద్రత వాళ్ల దగ్గరే ఉంది, కంపెనీ డబ్బు ఇంకా కంపెనీ దగ్గరే ఉంది.

అసలు ఒప్పందం నాలుగు పేజీలు, వితౌట్ ప్రెజుడిస్. అంటే ఎవరి వాదనకూ భంగం లేకుండా. తప్పెవరిదో ఆ పేజీల్లో ఎక్కడా రాయలేదు. కంపెనీ చెడిన పెట్టెలకు బదులు కొత్త సరుకు ఐదు వారాల్లోపు రెండు విడతల్లో, ముందుగా తన ఖర్చుతో పంపుతుంది. మంత్రిత్వ శాఖ అలారం లేని ఆరు ప్యాలెట్లను ఉమ్మడి తనిఖీ తర్వాత తీసుకుంటుంది, బీమా హక్కును కంపెనీ పేరిట రాసిస్తుంది, సర్వేయర్‌కు గిడ్డంగి తలుపు తెరుస్తుంది. ఆ నష్టం చివరికి ఎవరి ఖాతాలో పడాలన్నది తర్వాత ఒక స్వతంత్ర నిపుణుడు తేలుస్తాడు. టీకా ప్రశ్నను డబ్బు ప్రశ్న నుంచి విడదీయడమే మేం చేసింది.

చిక్కు ముడి పడింది మధ్యలో మిగిలిన 35 పెట్టెల దగ్గర. డ్రై ఐస్ పడిన మూడు ప్యాలెట్ల మీదే ఉన్నాయి, కానీ వాటిలో అలారం లేదు. లాగర్ పెట్టెలో ఒకచోటే ఉంటుంది, మూల సీసా గడ్డకట్టినా దానికి తెలియకపోవచ్చు. కంపెనీ వాటిని అంగీకరించాలంది, మంత్రిత్వ శాఖ వద్దంది. షేక్ టెస్ట్ సరిగ్గా చేద్దామని నేను ప్రతిపాదించాను, వీడియోలో, ఇరుపక్షాల ముందు.

అదే బ్యాచ్ సీసా ఒకటి తీసుకుని రాత్రంతా ఫ్రీజర్‌లో గట్టిగా గడ్డకట్టించి, కరగనిచ్చారు. మర్నాడు ఫార్మసిస్ట్ ఆ సీసాను, పెట్టె మూల నుంచి తీసిన సీసాను ఒకే చేతిలో పట్టుకుని కొన్ని సెకన్లు ఊపి, బల్ల మీద పక్కపక్కనే పెట్టారు. వెనక నల్ల కాగితం. గడ్డకట్టించిన సీసాలో కొద్ది నిమిషాలకే పైన నీళ్లలా తేట కనపడింది, కింద ముక్కముక్కలుగా మడ్డి దిగింది. చాలా పెట్టెల సీసాలు అరగంట తర్వాత కూడా పాలలా తెల్లగానే ఉన్నాయి. నాలుగు పెట్టెల్లో మాత్రం మూల సీసాలు గడ్డకట్టించిన సీసాతో సమానంగా విడిపోయాయి. అలారం లేకుండానే. హైదరాబాద్‌లో తెర ముందు కూర్చున్న క్వాలిటీ హెడ్ గారు, ఎవరి మాటకూ ఎదురుచూడకుండా, "35 కూడా వదిలేద్దాం" అన్నారు. ఎగుమతి విభాగం వాళ్లు పరీక్షలో బాగున్న 31 పెట్టెల ధర లెక్కగట్టబోయారు. ఆయన మైక్ ఆపి ఏదో అన్నారు, నాకు వినపడలేదు. తర్వాత ఎవరూ ఆ లెక్క తీయలేదు.

మొత్తం 72 పెట్టెలు పక్కన పెట్టారు, 144 వాడకానికి వెళ్లాయి. మొదటి విడత బదులు సరుకు నిల్వ అయిపోవడానికి రెండు వారాల ముందు చేరింది. బీమా కంపెనీ మొదట 'ఆలస్యం' అని మొండికేసినా, గ్రాఫ్ చూశాక 37 పెట్టెలకు పూర్తిగా, మిగిలిన వాటికి కొంత చెల్లించింది. స్వతంత్ర నిపుణుడి దాకా పోలేదు. ఎయిర్‌వే బిల్లు లోపం మనదేనని ఒప్పుకుని బదులు సరుకు విమాన ఖర్చు కంపెనీయే భరించింది. డ్రై ఐస్ వేసింది ఎవరో ఇప్పటికీ తేలలేదు.

తర్వాత నేను మార్చుకున్నవి

ఇలాంటి ఫైలు వస్తే ఇప్పుడు ముందు చేసేది సరుకు చేరిన తేదీ పక్కన 14 కలిపి క్యాలెండర్‌లో రాసుకోవడం. క్లాజుల వాదన ఎన్ని నెలలైనా ఆగుతుంది, ఆ తేదీ ఆగదు. బయటికి వెళ్లే మొదటి ఉత్తరం మీద క్వాలిటీ విభాగం సంతకం లేకుండా కదలనివ్వను. ఈ కేసులో ఆ ఒక్క సంతకం ఉండి ఉంటే వారం రోజులు మిగిలేవి.

నా వల్ల కూడా ఒక పొరపాటు జరిగింది. రెండో రోజు ఉత్తరం చివర ఉన్న ఏడు వారాల నిల్వ సంగతి నేనూ మొదటి చదువులో దాటేశాను. తొమ్మిదో రోజున రెండోసారి చదువుతుంటే కంటబడింది. అది ముందే పట్టుకుని ఉంటే బోర్డులో ఆ డైరెక్టర్‌తో వాదన అక్కర్లేకపోయేది.

ఒప్పందంలో ఇప్పుడు నేను రాయించే మార్పులు కొన్ని ఉన్నాయి. తిరస్కరణ పెట్టెల వారీగా ఉండాలి, మొత్తం సరుకుకు కాదు. రాక నివేదికతో పాటు లాగర్ అసలు ఫైళ్లు అమ్మినవాడికి రెండు రోజుల్లో పంపాలి. సీఐపీ క్లాజుకూ అంగీకార క్లాజుకూ మధ్య ఏది చెల్లుతుందో ఒక్క వాక్యంలో తేల్చాలి. విమానయాన సంస్థకు, బీమాకు నోటీసులివ్వడంలో ఇరుపక్షాలూ సహకరించాలని రాయాలి. వివాదం నడుస్తున్నా బదులు సరుకు ఆగకూడదని రాయాలి. ఈ ఆఖరిదానికే కంపెనీల్లో ఎక్కువ ప్రతిఘటన వస్తుంది. ముందే సరుకు పంపిస్తే తప్పు ఒప్పుకున్నట్టు కదా అంటారు. వితౌట్ ప్రెజుడిస్ అన్న రెండు మాటలు ఎందుకున్నాయో ప్రతిసారీ మొదటి నుంచి వివరించాల్సి వస్తుంది.

అదే కంపెనీ నుంచి పోయిన నెల ఇంకో దేశపు టెండర్ ముసాయిదా నాకు పంపారు. డ్రై ఐస్ హెచ్చరిక ఈసారి ఎయిర్‌వే బిల్లు నమూనాలోనే ఉంది, పెద్ద అక్షరాల్లో. ప్యాలెట్ కవర్ మీద అంటించే స్టిక్కర్ డిజైన్ కూడా జత చేశారు. పదిహేడో పేజీలో మాత్రం తిరస్కరణ మళ్లీ మొత్తం సరుకుకే ఉంది. ఎర్ర సిరాతో గీసి వెనక్కి పంపాను. జవాబు ఇంకా రాలేదు.